మంచు కమ్మిన కొండకు సైకిలు ప్రయాణం

పిల్లలూ! మార్గశిర మాసంలో తెల్లవారుజామున గిద్దలూరులో నిలబడి పడమటికి చూస్తే, ఒక్కొక్కరోజు నల్లమల కొండలు కనిపించనే కనిపించవు. నిన్న సాయంకాలం కళ్ళెదుట ఉన్న కొండలు రాత్రికి రాత్రి ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. మంచు చాటున ఉన్నాయి.

ఈ మంచు ఏమిటి? గాలిలో కంటికి కనిపించని నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. రాత్రి నేల చల్లబడితే, నేలను అంటి ఉన్న గాలి కూడా చల్లబడుతుంది. అప్పుడు ఆవిరిలో కొంత భాగం సన్నని నీటి బిందువులుగా మారి గాలిలో తేలుతుంది. అదే పొగమంచు. కొండ మీద ఇంకొక విధంగా కూడా ఇది పుడుతుంది. తేమగాలి కొండవాలు వెంట పైకి ఎక్కినకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది. కింద ఉన్నవారికి అది కొండకు తగులుకున్న మేఘం. అందులో నడిచేవారికి మంచు. రెండూ ఒకటే!

ఇలాంటి రోజున కొండ ఎక్కాలంటే ఎలా? నల్లమల లోపలి అడవిలో పులులను రక్షిస్తున్నారు గనక అటవీశాఖ అనుమతి లేనిదే అందులో అడుగు పెట్టకూడదు. మనం త్రిపురాంతకం వెళదాం. అది కర్నూలు–గుంటూరు రోడ్డు మీద, ఎర్రగొండపాలెం దాటిన తరువాత వస్తుంది. అక్కడ కుమారగిరి అనే కొండ మీద త్రిపురాంతకేశ్వరుని గుడి ఉన్నది. శ్రీశైలానికి అది తూర్పు ద్వారమని ప్రసిద్ధి.

కొండ మొదలు దాకా సైకిలు, అక్కడి నుంచి కాలినడక. ఎందుకలాగ? చదును రోడ్డు మీద, గంటకు 5 కిలోమీటర్లు నడిచేవాడు పడే శ్రమతోనే సైకిలు మీద 15 కిలోమీటర్లు పోవచ్చు. కాని ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లాభం కరిగిపోతుంది. ఒంటి బరువుతో పాటు సైకిలు బరువును కూడా పైకి మోయాలి గదా! అందుచేత సైకిలును నమ్మకమైన చోట తాళం వేసి ఉంచటమే తెలివి.

మంచులో సైకిలు తొక్కేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. చక్రం తడిస్తే బ్రేకు రబ్బర్లు సరిగా పట్టవు. అందుకని నెమ్మదిగా పోవాలి. ముందు, వెనక దీపాలు వెలగాలి. లేకపోతే లారీవాడికి మీరు కనిపించరు. ఇక కొండ ఎక్కితే చెమట పడుతుంది. ఆగి నిలబడగానే ఆ తడి చొక్కా ఒళ్ళు వణికిస్తుంది. సంచిలో పొడి చొక్కా ఒకటి ఉండాలి.

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం దారి తప్పటం. "నేను తిన్నగానే నడుస్తాను" అంటారేమో! యాన్ సౌమన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు ఈ సంగతే పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. జర్మనీలో ఒక పెద్ద అడవిలో కొందరిని తిన్నగా నడవమని పంపారు. సూర్యుడు కనిపించిన రోజున నడిచినవాళ్ళు ఇంచుమించు తిన్నగానే పోయారు. మబ్బు పట్టిన రోజున నడిచినవాళ్ళు గుండ్రంగా తిరిగారు; వారిలో చాలామంది తాము నడిచిన దారినే మళ్ళీ దాటారు. ఆ సంగతి వాళ్ళకు తెలియనే లేదు! మీరూ చూడండి: బడి ఆవరణలో కళ్ళకు గంతలు కట్టుకొని తిన్నగా నడవండి. తోడుగా ఒక స్నేహితుణ్ణి పక్కన ఉంచుకోండి. గుర్తు ఏదీ కనిపించకపోతే కాళ్ళు మనల్ని మోసం చేస్తాయి. అందుకే మంచులో మెట్లను, బాటను వదిలి అడ్డదారి తొక్కకూడదు. వెనకటి గుర్తు కనిపించక, ముందరి గుర్తు కూడా కనిపించకపోతే అక్కడే ఆగాలి.

మరి ఎప్పుడు వెనక్కి తిరగాలి? స్వీడన్ దేశస్థుడు యోరన్ క్రోప్ కథ వినండి. ఆయన 1995 అక్టోబరులో తన దేశం నుంచి సైకిలు మీద బయలుదేరి, సామానంతా తనే మోసుకొని నేపాలు చేరాడు. 1996 మే 3న ఎవరెస్టు శిఖరానికి సుమారు 100 మీటర్ల దిగువ దాకా ఎక్కాడు. పొద్దుపోయింది; ఇంకా ఎక్కితే చీకట్లో దిగాలి. అంత దూరం వచ్చినవాడు, అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు! ఆ తరువాత ఒక వారానికే అదే కొండ మీద, ఆలస్యంగా శిఖరం చేరినవారిలో కొందరు తుఫానులో చిక్కి మరణించారు. క్రోప్ మే 23న మళ్ళీ ఎక్కి శిఖరం చేరుకున్నాడు.

కనక మీరు బయలుదేరే ముందు ఒక పలక తీసుకోండి. మార్కాపురం పలకలకు పేరు పొందిన ఊరే గదా! ఎక్కడికి వెళుతున్నారు, తోడు వచ్చే పెద్దవారెవరు, ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు – ఈ మూడూ రాసి ఇంట్లో అమ్మకు ఇవ్వండి. ఆ గంట కొట్టేసరికి గుడి పది మెట్ల దూరంలో ఉన్నా సరే, తిరిగి రావలసిందే. ఇంటికి రాగానే ఆ పలకను మీ చేతులతో మీరే తుడిచెయ్యండి.