పేరు తెలిసిన పోలీసు



పోలీసు ఇంటికి వచ్చాడంటే ఏదో కీడు జరిగిందనే ఊరంతా అనుకుంటుంది. ఏ కీడూ లేని రోజున కూడా వచ్చి పలకరించే పోలీసు ఉంటే ఎలా ఉంటుంది?

ఇంగ్లాండు, వేల్స్‌లలో 2008 నాటికి ప్రతి ప్రాంతానికీ ఒక చిన్న పోలీసు బృందం ఏర్పడింది. అందులో కానిస్టేబుళ్ళతో పాటు 2002 చట్టం వలన వచ్చిన సహాయక అధికారులు ఉంటారు. కానిస్టేబుళ్ళకు ఉన్నట్టు వీరికి అరెస్టు చేసే అధికారం లేదు. వీధుల్లో నడుస్తారు, తలుపు తట్టి పలకరిస్తారు, బడులకు వెళ్తారు. సమావేశం పెట్టి, ముందు ఏ బాధ తీరాలో ప్రజలనే అడుగుతారు. అది పెద్ద నేరమే కానక్కరలేదు. చీకటి సందు కావచ్చు, రాత్రిపూట అల్లరి కావచ్చు. ఏమి చేశారో తిరిగి వచ్చి చెప్పాలి.

2010 తరువాత ఖర్చు తగ్గించారు. సహాయకుల సంఖ్య క్రమంగా సగానికి పడిపోయింది. చాలా చోట్ల తెలిసిన ముఖం కనబడకుండా పోయింది. ప్రతి ప్రాంతానికీ పేరు తెలిసిన అధికారి ఉంటారని 2025లో ప్రభుత్వం మళ్ళీ మాట ఇచ్చింది.

నమ్మకం ఆపద వచ్చిన రోజున పుట్టదు. అంతకు ముందే పలకరింపులతో పెరగాలి. అన్నం తినని బిడ్డను పోలీసు పేరుతో బెదిరించవద్దు. ఆపదలో 112కు ఫోను చేయడం నేర్పుదాము.