ఐడీ ఫేక్‌.. కేసు ఒరిజినల్‌

గంజాయిని చట్టబద్ధం చేయాలా? కెనడా 2018లో చేసింది, జర్మనీ 2024లో సడలించింది కదా అని మీరు వాదించొచ్చు, తప్పేం లేదు. కానీ భద్రాచలం చెక్‌పోస్టు దగ్గర నడిచేది 1985 నాటి ఎన్‌డీపీఎస్‌ చట్టమే. మల్కన్‌గిరి, సీలేరు అడవుల నుంచి సరుకు ఖమ్మం మీదుగా హైదరాబాద్‌కు పోయే దారి ఇది. ‘బ్యాగు చేరిస్తే చాలు బ్రో, ఖర్చులు మావే’ అని ఆన్‌లైన్‌లో మెసేజ్‌ పెట్టేవాడికి పేరుండదు, ముఖముండదు. బస్సులో పట్టుబడే కుర్రాడి జేబులో మాత్రం సొంత ఆధార్‌ కార్డుంటుంది! కిలో లోపైనా ఏడాది వరకు జైలు పడొచ్చు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, బెయిల్‌ దొరకడం కూడా కష్టమే. చాట్‌ డిలీట్‌ చేశాంలే అనుకుంటారు, ఫోన్‌ ఫోరెన్సిక్‌ ల్యాబ్‌కు వెళ్తుందని మరిచిపోతారు. రేపు సర్కారు కొలువు వచ్చినా, అటెస్టేషన్‌ ఫారంలో ‘మీపై కేసులున్నాయా’ అని అడుగుతారు. అక్కడ ఫేక్‌ ఐడీ పనిచేయదు.