పండుటాకు చెప్పెడి మాట



పండుటాకును జూచి పచ్చనాకు నవ్వినదని మనలో నొక సామెత గలదు. వరి, మొక్కజొన్న, జొన్న, చెరకు మున్నగు గడ్డిజాతి పైరుల విషయమున ఆ నవ్వు కృతఘ్నతయే యనవలెను. ఏలయన, పై యాకు పచ్చదనములో చాల భాగము క్రింది పండుటాకు పెట్టినదే.

ఆకు పచ్చగా నుండుటకును, ఎండవెలుతురులో మొక్కకు ఆహారము వండిపెట్టుటకును నత్రజని కావలెను. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను పైరు దానిని నేరుగా గైకొనజాలదు. వేళ్లతో నేలనుండియే తీసికొనవలెను. నేలలో అది చాలినంత యున్నచో ఆకులు త్వరగా సాగి వెడల్పగును, పిలకలు హెచ్చును, క్రింది యాకులు చాల దినములు పచ్చగా నిలుచును. చాలనప్పుడు మొక్క ఇల్లాలివలె పొదుపు చేయును. ముదురాకులోని మాంసకృత్తులను విడగొట్టి, అందలి నత్రజనిని లేతాకునకు పంపును. ఇచ్చిన యాకు పసుపువారి యెండిపోవును.

కావున పసుపు ఎక్కడ మొదలైనదో ముందుగా చూడవలెను. ఎల్లారెడ్డి వైపు పోచారము నీటిక్రింది వరిమళ్లలో గాని, కామారెడ్డి చుట్టుపట్ల మొక్కజొన్న చేలలో గాని కలుపుతీయు స్త్రీలు నిత్యము ఆకుల నడుమనే యుందురు. ఈ గుర్తు వారి కంటికే ముందుగా దొరకును. మొక్కజొన్నలో క్రింది యాకు కొననుండి నడిమి యీనె వెంబడి పసుపు లోనికి దిగినచో అది నత్రజని కొరత. అట్లుగాక లేతాకులే ముందుగా తెల్లబారినచో అది తరచుగా ఇనుము కొరత. ఇనుము ముదురాకునుండి లేతాకునకు సులభముగా కదలదు. అప్పుడు యూరియా చల్లినను ఫలముండదు.

కొరతవలెనే అతియు కీడే. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని గలదు. మితిమీరి చల్లినచో వరి నల్లపచ్చగా ఏపెక్కి, మెత్తనై, గాలికి పడిపోవును. అగ్గితెగులును సుడిదోమయు హెచ్చును. పంట పండుటయు ఆలస్యమగును. చూచుటకు కన్నులపండువైనను గాదెలోనికి వచ్చునది తక్కువ.

ఇందుకు ఫిలిప్పీన్సు దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థ ఆకురంగుల పట్టికను ప్రచారములోనికి తెచ్చినది. నాటిన రెండు వారములనుండి పూతవరకు, వారము పది దినముల కొకసారి, పది దుబ్బులలో పూర్తిగా విచ్చుకొన్న పై యాకును పట్టికతో సరిపోల్చవలెను. ఎండ పడకుండ మన నీడలోనే చూడవలెను. పదింట ఆరు గాని అంతకు మించి గాని ఆ వంగడమునకు నిర్ణయించిన రంగుకంటె పాలిపోయియున్న యెడలనే ఎరువు వేయుట తగును. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. ఓర్పుగల కన్ను చాలును.

కడపటి మాట యొకటి. కంకి పాలుపోసికొని గింజ గట్టిపడు దినములలో క్రింది యాకులు పండుట సహజము. ఆకులు తాము కూడబెట్టిన నత్రజనిని గింజలోనికి పంపుచున్నవి. మన అన్నములోని మాంసకృత్తులు చాలవరకు ఆ విధముగా వచ్చినవే. అప్పుడు ఇంటివారు భయపడి మరియొక బస్తా కొనబోయిన యెడల, వలదని చెప్పి ఆ సొమ్ము మిగుల్చుడు.