గెలిచినోడు ఏమైండో గనీ, ఓడినోళ్లు సిన్మా తీసిండ్రు

మా ఊరి బస్టాండు కాడ కిరాణం దుకాణం గద్దె మీద నలుగురు పోరగాండ్లు ఒక్క ఫోన్ల తలకాయలు వెట్టి సూస్తున్నరు. క్రికెటేమో అనుకున్న. దగ్గరికి పోయి సూస్తే తమిళం. ఎవడో చిన్న సిన్మా తీసుకొచ్చిండు, ముంగట పెద్దమనుషులు కూసోని ఏడ మంచిగుంది, ఏడ చెడింది చెప్తున్నరు. మావోళ్లకు తమిళం ఒక్క ముక్క రాదు. అయినా ఆ తీసినోని మొఖం సూసుకుంట కథ సమజ్ చేసుకుంటున్నరు. అండ్ల ఒకడు, డిగ్రీ చదువుకుంట పెండ్లిళ్లకు డ్రోన్ ఎగిరేసేటోడు, నన్ను అడిగిండు: "అన్నా, గిసొంటి షో మన తెలుగుల ఎందుకు లేదే?"

ఆ పూట సక్కటి జవాబు చెప్పలేకపోయిన. పది రోజులు నేను గూడ రాత్రిపూట కూసోని అసొంటి షోలే సూసిన. సూసినంక నాకు సమజైంది చెప్త.

పోరగాండ్లు సూసేది 'నాళైయ ఇయక్కునర్'. రేపటి డైరెక్టర్ అని అర్థం. కలైజ్ఞర్ టీవీల 2009ల షురువైంది. పని చిన్నదే. పేరు లేనోళ్లు షార్ట్ ఫిలిం తీస్కరావాలె, టీవీల ఎయ్యాలె, జడ్జీల మాట పడాలె, మళ్ల ఇంకోటి తీయాలె. అందులకెల్లి ఎవలెవలొచ్చిండ్రో సూడుండ్రి. మొదటి సీజన్ గెలిచిన నలన్ కుమారస్వామి 2013ల 'సూదు కవ్వుం' తీసిండు. గెలవని కార్తీక్ సుబ్బరాజు 2012ల 'పిజ్జా' తీసిండు. ఆయన అంతకుముందు సాఫ్ట్‌వేర్ నౌకరీ చేసినోడు. ఆయన షార్ట్ ఫిలింలల్ల చేసిన విజయ్ సేతుపతి ఇయ్యాల ఎంత పెద్ద నటుడో మీకు నేను చెప్పేదుందా? బాలాజీ మోహన్ చిన్నగ తీసిన ప్రేమ కథే 2012ల సిద్ధార్థ్‌తోని పెద్ద సిన్మా అయ్యి, తెలుగుల 'లవ్ ఫెయిల్యూర్' పేరుతోని మన దాంక వచ్చింది.

ఇగ అమెరికాది. 2007ల ఫాక్స్ టీవీల 'ఆన్ ది లాట్' అని వచ్చింది. దాని ఎనుక స్టీవెన్ స్పీల్‌బర్గ్, 'సర్వైవర్' షో తీసిన మార్క్ బర్నెట్. దునియా మొత్తం మీదికెల్లి ఓ 12 వేల షార్ట్ ఫిలింలు వచ్చినయి. గెలిచినోనికి డ్రీమ్‌వర్క్స్ కంపెనీల 10 లక్షల డాలర్ల ఒప్పందం. చేతిల పెట్టే పైసలు కావు, కథ తయారు చేసుకునే ఒప్పందం. గీ తేడా యాద్ పెట్టుకోండ్రి, ఎనుకకు వస్త. విల్ బిగమ్ అనేటాయన గెలిచిండు. ఆ షోను సూసిన జనం తక్కువ. ఆ ఒప్పందంకెల్లి థియేటర్లకొచ్చిన పెద్ద సిన్మా ఏదీ లేదు.

అసలు ముచ్చట ఓడినోళ్లది. జాక్ లిపోవ్‌స్కీ, ఆడమ్ స్టైన్ అని ఇద్దరు ఆ షోల ఓడిండ్రు. ఆడ్నే దోస్తులైండ్రు. ఇద్దరు కలిసి 2018ల 'ఫ్రీక్స్' అని చిన్న సిన్మా తీసిండ్రు. 2025ల 'ఫైనల్ డెస్టినేషన్ బ్లడ్‌లైన్స్' తీసిండ్రు, అది 30 కోట్ల డాలర్ల మీదికే గుంజింది. అంటే ఓడినంక గూడ కలిసి పని జేసుడు ఇడిసిపెట్టలే.

రెండు షోలను పక్కపక్కన పెట్టి సూస్తే నాకొకటి తోచింది. అమెరికా షో ఓట్ల మీద నడిసింది. సూసేటోళ్లు ఫోన్ కొట్టి ఉంచుతరు, తీసేస్తరు. తమిళ షోల సిన్మాకే టైం ఎక్కువ, తప్పు ఏడుందో పనికెల్లి వచ్చినోడు చెప్తడు. ఓటు మీద నడిసే షోల మనిషి అమ్ముడు పోతడు, పని కాదు. గంగవ్వనే తీస్కోండ్రి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిల శ్రీరాం శ్రీకాంత్ 2012ల మొదలువెట్టిన 'మై విలేజ్ షో'ల ఆమె మాట, ఆమె తిట్టు, ఆమె నవ్వు అన్నీ ఆమెవే. 2020ల బిగ్‌బాస్‌కు పోతే అందరు ఓట్లేసిండ్రు, నేను గూడ ఏసిన, అబద్ధమెందుకు. కానీ పాణం బాగలేక నడుమనే బయటికొచ్చింది. మళ్ల పొలం గట్టు మీద కెమెరా ముంగట నిలవడ్డంకనే మన గంగవ్వ అనిపించింది.

మన టీవీలల్ల పాటకు 'పాడుతా తీయగా' ఉన్నది, డాన్సుకు 'ఢీ' ఉన్నది, నవ్వుకు 'జబర్దస్త్' ఉన్నది. సిన్మా తీసేటోళ్లకు మాత్రం తమిళంల దొరికినంత జాగ ఈడ దొరకలే. కారణం పెద్దదేం కాదు. పాట పాడెటోన్ని స్టేజీ ఎక్కిస్తే సాలు, గంట గడుస్తది. సిన్మా తీసెటోనికి వారం దినాలు కావాలె, మనుషులు కావాలె, అది బాగలేకుంటే గంటంత ఖరాబ్. గంత ఓపిక ప్రకటనలు అమ్ముకునేటోనికి ఎందుకుంటది?

టీవీ చెయ్యని పనిని 2025ల సర్కారు చేస్తనన్నది. దిల్ రాజు ఛైర్మన్‌గ ఉన్న ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 'బతుకమ్మ యంగ్ ఫిల్మ్ మేకర్స్ ఛాలెంజ్' పెట్టింది. 40 ఏండ్ల లోపటోళ్లు, 3 నిమిషాల సిన్మా, మొదటి బహుమానం 3 లక్షలు. పెట్టుడు మంచిదే, నేను కాదన. కానీ ఇచ్చిన విషయాలల్ల మన సంస్కృతితోని పాటు ప్రజాపాలన, సర్కారు పథకాలు గూడ ఉన్నయి. పథకం మీద తియ్యిమంటే ప్రకటన వస్తది. 2024 నవంబర్ల మన దిలావర్‌పూర్, గుండంపల్లి జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని హైవే మీద కూసున్నరు, ఆడోళ్లే ముంగట ఉన్నరు, ఆఖరికి పనులు ఆపిండ్రు. అది గూడ మన జిల్లా కథనే. దాని మీద ఓ పోరడు 3 నిమిషాలు తీస్తే ఏ పోటీల పెట్టాలె? ఈ సవాలు ఏ సర్కారుకైనా ఒకటే, పార్టీ మారితే మారేది కాదు.

ఇగ నా సొంత కత. చానా ఏండ్ల కిందట మేం ముగ్గురం కలిసి బీడీలు చుట్టే అవ్వల మీద ఓ చిన్న సిన్మా తీసినం. ఎడిటింగ్‌కు ఒకని బండి కుదువ పెట్టినం. ఓ పోటీకి పంపితే రిజిస్ట్రేషన్ అని 2 వేలు అడిగిండ్రు, కట్టినం. ఫలితం రాలే, ఫోన్ ఎత్తలే. ఆరు నెలలకు మా సిన్మానే వాళ్ల ఛానల్‌ల కనవడ్డది, పేర్లు లేవు. అడిగితే "మీరు సంతకం పెట్టిండ్రు గదా" అన్నరు. పెట్టినం. సదవకుంట పెట్టినం. అందుకే ఒప్పందం, పైసలు వేరువేరు అని మీదికెల్లి చెప్పిన. తమ్మీ, చెల్లె, పోటీకి పంపే ముందు ఆ సన్న అక్షరాలు సదువుండ్రి. సిన్మా ఎవలిదైతది, ఎన్నేండ్లు వాడుకుంటరు, పేరు ఏస్తరా లేదా సూడుండ్రి. మనల్నే పైసలడిగేటోనికి దండం పెట్టి ఇంటికి రాండ్రి.

అప్పు చేసి కెమెరా కొనేటోళ్లను గూడ సూస్తున్న. సిరిసిల్ల కెల్లి పోయిన వేణు యెల్దండి కామెడీ స్కిట్లు చేసుకుంట ఏండ్లు గడిపి, 2023ల 'బలగం' తీసిండు. అండ్ల సావుకాడి పిట్టముట్టుడు తప్ప వింత ఏముంది? మనింట్ల జరిగేదే గదా. ఊర్లల్ల తెర కట్టి సూసుకుంట జనం ఏడ్సిండ్రు. మన నిర్మల్ల పొనికి కర్ర దొరకక బొమ్మలు చేసేటోళ్లు పడే గోస మీద ఒక్కడన్న మంచిగ తియ్యకపాయె అని నాకు మనసుల ఉన్నది.

పోయిన ఆదివారం ఆ డ్రోన్ పోరడు మళ్ల కలిసిండు. నలుగురు కలిసి నెలకొకటి తీసి, ఆ గద్దె కాడ్నే గోడకు బట్ట కట్టి ఊరోళ్లకు సూపెడ్తరట. జడ్జి ఎవలంటే దుకాణం శేటు, ఇంక ఓ బడి సారు. మొదటిది వాళ్లమ్మ మీద. బీడీల కట్టలు లెక్కవెట్టుకుంట గల్ఫ్‌ల ఉన్న మొగనితోని ఫోన్ల మాట్లాడేది తీస్తున్నరు. "డ్రోన్ వాడుతవా?" అన్న. "ఇంట్ల ఏడ ఎగురుతదన్నా" అన్నడు. వాళ్లమ్మ మాత్రం ఒక్కటే షరతు పెట్టిందట: ఆకు తడిపినంకనే కెమెరా పెట్టాలె, పని ఆపది.