కార్డు సరే, మాత్ర ఏదీ?

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాది పాటు జరిగిన మరణాలను లెక్కగట్టిన అధ్యయనం ఒకటి 2006లో వెలువడింది. లక్షా ఎనభై వేల జనాభాలో 1,354 మంది చనిపోతే, వారిలో 32 శాతం మందిని తీసుకుపోయింది గుండెపోటు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బులే. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. గుండెజబ్బు డబ్బున్నవాళ్ల రోగమన్న మాట ఆనాడే చెల్లిపోయింది. మరుసటి ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడికి పెద్దాసుపత్రి తలుపు తీసిన పథకాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే అప్పటినుంచీ గుండె అనగానే సర్కారు లెక్క ఆపరేషన్ ఖర్చు దగ్గరే మొదలై అక్కడే ముగుస్తోంది. పార్టీల పోటీ కూడా ఉచిత చికిత్స ఖర్చు పరిమితి మీదే. తెలంగాణ 2023 డిసెంబరులో దాన్ని 10 లక్షల రూపాయలు చేసింది. స్టెంటు దాకా రాకుండా ఆపే బీపీ మాత్ర ఊళ్లో నెలనెలా దొరుకుతోందా అన్న ప్రశ్నకు ఓట్లు రాలవు కాబోలు.

బీపీకి నొప్పి లేదు. అందుకే పట్నం వెళ్లి, క్యూలో నిలబడి, కూలి పోగొట్టుకుని మాత్ర తెచ్చుకోమంటే మనిషి రెండో నెలకే మానేస్తాడు. దీన్ని బద్ధకమని తిట్టడం తేలిక. 2017 చివర్లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమం దీన్ని సరఫరా లోపంగా చూసింది: అందరికీ ఒకే చికిత్సా క్రమం, నెలకు సరిపడా మాత్రలు, ఇంటి దగ్గరి కేంద్రంలోనే పంపిణీ, రానివారిని వెతికి పట్టుకోవడం. తొలి విడతకు ఎంచుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. తమిళనాడు 2021 ఆగస్టు నుంచి మాత్రలను గడప దాకానే తీసుకెళ్తోంది. బడ్జెట్ చాలదనేవారు పేటెంటు ఎప్పుడో తీరిపోయిన బీపీ మాత్ర ధరను ఒక బైపాస్ బిల్లు పక్కన పెట్టి చూడాలి.

ఇక బీపీని పెంచే ఉప్పు. రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. తిండి ఎవరిష్టం వారిది, అందులో ప్రభుత్వ పెత్తనమేమిటన్న అభ్యంతరం ఇంటి వంటకు న్యాయమే. కూర కొనలేక పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునేవారికి ఉప్పు తగ్గించమని ఉపన్యాసమిస్తే ఎవరు వింటారు? పన్ను దారీ ఇరుకే: కేరళ 2016లో బర్గర్లు, పిజ్జాలపై వేసిన 14.5 శాతం పన్ను ఏడాదికే జీఎస్టీలో కలిసిపోయింది. ఆహార ప్రమాణాలు కేంద్రానివన్నదీ నిజమే. కానీ మధ్యాహ్న భోజనం, గురుకులాల మెస్సు, అంగన్‌వాడీ వంట రాష్ట్రం చేతిలోనివి. రోజూ లక్షల పళ్లేలు వడ్డించేవారికి ఉప్పు కొలత నిర్ణయించడానికి చట్టం అక్కర్లేదు, టెండరు షరతు చాలు. చైనా గ్రామాల్లో పక్షవాతాన్ని తగ్గించిన పొటాషియం ఉప్పును ఇక్కడా తెద్దామనే ఉత్సాహవంతులు మాత్రం కిడ్నీ జబ్బుతో నలుగుతున్న శ్రీకాకుళం ఉద్దానాన్ని గుర్తుంచుకోవాలి. పాడైన మూత్రపిండాలకు ఆ పొటాషియమే ప్రమాదం.

ప్రజారోగ్యం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చిన బాధ్యత కనుక అడగవలసిన చోటు అసెంబ్లీయే. సర్కారు డబ్బు కట్టిన ప్రతి స్టెంటు వెనుకా ఒక మనిషి, ఒక ఊరు ఉన్నాయి. ఆ మనిషికి అంతకుముందు ఎవరైనా బీపీ చూశారా, మాత్ర ఇచ్చారా అన్నది మండలాలవారీగా సభ ముందు పెట్టమని శాసనసభ్యులు అడగవచ్చు.