దీనారము, కాసు

నెల్లూరు సీమలో ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలి నిలిచిపోయినది. త్రవ్వి చూడగా చిన్న దేవాలయపు శిథిలములు, వాని క్రింద ఒక కుండ, కుండలో రోమను బంగారు నాణెములు బయల్పడినవి. అతడు వానిని పాత బంగారముగా అమ్మివేసినాడు. పెక్కు నాణెములు మూసలో కరగిపోయినవి. మిగిలిన వానిలో ట్రాజను, హేడ్రియను చక్రవర్తుల నాణెములును, ఫాస్టినా రాణి నాణెములును ఉండెను. ఈ వృత్తాంతమును అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో వ్రాసిన లేఖలో తెలిపినాడు.

నాణెములు కరగినను వాని పేరు నిలిచినది. రోములో వెండి నాణెమైన 'డెనారియస్' గ్రీకుల నోట 'డెనారియన్' అయి, మన దేశమున బంగారు 'దీనార'మై అమరకోశమునకెక్కినది. ప్రౌఢదేవరాయల కొలువున శ్రీనాథునకు కనకాభిషేకము జరిగినది దీనారటంకములతోనే గదా! ఆ పేరిలోని 'పది' అను అర్థముగల ధాతువు మన 'దశ' శబ్దమునకు దాయాదియే.

ఇంతటి చుట్టరికముండగా మన పిల్లలు ఆంగ్లపదములను ఒక్కొక్కదానినే విడిగా వల్లె వేయుచున్నారు. తెలుగు పంతులు తలచుకొన్నచో ఈ బరువు కొంత దింపగలడు. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858)లోని తత్సమ, తద్భవ, దేశ్య విభాగమును ఆంగ్లమునకు ఎరువిచ్చి చూడుడు. లాటిను 'ఫ్రాజిలిస్' పెద్దగా మారక 'ఫ్రాజైల్' అయినది, అది తత్సమప్రాయము. అదే పదము ఫ్రెంచివారి నాలుకపై అరిగి 'ఫ్రెయిల్' అయినది, అది తద్భవము. మన 'రాత్రి', 'రాతిరి' ఇట్టివే. రోమనుల టంకశాల జూనో మొనేటా దేవత గుడివద్ద నుండెను. ఆ 'మొనేటా'యే ఒక త్రోవను 'మింట్', మఱియొక త్రోవను 'మనీ' అయినది. 'వాటర్', 'బ్రెడ్' వంటివి వారి దేశ్యములు. అచ్చతెనుగు వలె అచ్చ ఆంగ్లమును కలదు.

అయితే పోలికను చూచి మోసపోరాదు. 'క్యాష్' మన 'కాసు'నుండి వచ్చినదని ఒక విద్యార్థి చెప్పగా నేనును మురిసిపోయి, కొన్నేండ్లు తరగతులలో అదే చెప్పితిని. నిఘంటువు తెఱచిన నాడు సిగ్గుపడితిని. అవి రెండు మాటలు. రొక్కమను అర్థముగల 'క్యాష్' పెట్టె యనునర్థముగల లాటిను 'కాప్సా' సంతతి. 1626లో మన దుగరాజపట్నమున వర్తకశాల పెట్టి, పిదప మదరాసు చేరిన ఆంగ్లేయులు, అచ్చట ఎనుబది క్యాషులకు ఒక ఫణమని లెక్కించిరి. ఆ రాగి 'క్యాష్' మాత్రము పోర్చుగీసువారి మీదుగా వెళ్లిన మన కాసే.

కావున ప్రతి ఉన్నత పాఠశాలలోను పదముల పుట్టుక తెలుపు ఆంగ్ల నిఘంటువు ఒక్కటైనను ఉండవలెను. బీరువాలో తాళము క్రింద కాదు, పిల్లల చేతికందు బల్లమీద. దానిలో మొదట 'సిలబస్' అను మాటను వెదకమనుడు. ఉపాధ్యాయులను ఏడాది పొడుగున పరుగెత్తించు ఆ మాటకు సరియైన ధాతువే లేదు. 15వ శతాబ్దిలో సిసిరో లేఖలను అచ్చువేసినపుడు ఒక గ్రీకు పదము తప్పుపడగా పుట్టినది.