కొమ్ముల రంగు

సంక్రాంతికి ఊరొచ్చిన మా బావ, "ఏరా, సైన్సు చదువుతున్నావు గదా, ఏ ప్యాక్ తీసుకోమంటావు?" అన్నాడు. మహీంద్రా వారి ఎలక్ట్రిక్ కారు ఎక్స్‌ఈవీ 9ఈ సంగతి. పక్కనే మా నాన్న సొసైటీ అప్పు లెక్క చూసుకుంటున్నాడు.

2025 మొదట్లో ప్రకటించిన షోరూం ధరలివి: 59 యూనిట్ల బ్యాటరీతో మొదటి ప్యాక్ 21.90 లక్షలు, అదే బ్యాటరీతో 'త్రీ సెలెక్ట్' 27.90 లక్షలు, 79 యూనిట్ల బ్యాటరీతో మూడో ప్యాక్ 30.50 లక్షలు. అంటే 20 యూనిట్ల అదనపు శక్తికి 2.60 లక్షలు, హంగులకు 6 లక్షలు! అప్పట్లో పెద్ద బ్యాటరీ కావాలంటే హంగులన్నీ కొనితీరాల్సిందే. ఆ ఏడాదే తర్వాత రెండో ప్యాక్‌లోనూ పెద్ద బ్యాటరీ ఇచ్చారు. మంచి పని.

మిత్రులారా, 79 యూనిట్లంటే ఎంతో తెలుసా? నష్టాలు వదిలేస్తే మా బోరు మీది 5 హార్స్‌పవర్ మోటారు 21 గంటలు నడుస్తుంది. శక్తికి డబ్బిస్తే అర్థముంది.

హంగులన్నీ దండగ అనను. ముందున్న బండిని రాడార్‌తో పసిగట్టి తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. నా అభిప్రాయంలో అది ప్రతి ప్యాక్‌లోనూ ఉండాలి. పదహారు స్పీకర్లు కావలసినవాళ్లు విడిగా కొనుక్కోవాలి. మా తాత ఎద్దును కొనేటప్పుడు పళ్లూ గిట్టలూ చూసేవాడు గాని కొమ్ముల రంగు చూసేవాడు కాదు.

"రెండో ప్యాక్, పెద్ద బ్యాటరీ తీసుకో బావా" అన్నాను. నాన్న తలెత్తి, "ఆ హంగుల ఆరు లక్షలుంటే మన అప్పు తీరిపోను" అన్నాడు. ఆ లెక్కకు నేను చదివిన ఫిజిక్సులో జవాబు లేదు.